కత్తెర పట్టుకుని ఓడెక్కిన అక్క

ఆక్తావ్, 18 మార్చి 2019

బాల్జాన్ అమ్మడూ,

నీ ఉత్తరం కొట్లో కూర్చునే చదివాను. ఎల్దార్ సోఫా పట్టుకుని నిలబడ్డాడని చదవగానే గట్టిగా అరిచానేమో, పక్క కొట్టు రఖియా జున్ను కోసే కత్తితోనే పరిగెత్తుకొచ్చింది, దొంగ పడ్డాడనుకుని. "నా చెల్లెలి మనవడు నిలబడ్డాడే" అన్నాను. "వాడు నిలబడ్డాడు సరే, నా గుండె కూలబడింది" అంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా. ఇక్కడ టైపు కొట్టుకుంటే నాకు అడ్డొచ్చేది కొనేవాళ్ళు మాత్రమే, వాళ్ళు వస్తే సంతోషమే.

ఇక పని మాట. తొలి అడుగుల వేడుకలో వాడి కాళ్ళకి కట్టి కోసే తాడు నేనే పేనుతాను. నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని ఇప్పుడే తీసి పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో తప్పటడుగులు వేసిన పిల్లల్లో సగం మందికి కట్టింది నా తాడే. సొంత మనవడికి ఇంకొకరి తాడు కడితే నా కొట్టు మీద ఉమ్మేస్తారు. వాడి చీలమండ కొలత పంపు. దారంతో కొలువు. టేపు చూస్తే లాక్కుని నోట్లో పెట్టుకుంటాడు.

విమానమైతే గంట. చిన్న సంచీలో తాడు పెట్టుకుని వచ్చేస్తాను. రోజు చెప్పు చాలు.

అన్నట్టు తాడు కోసేదెవరు? ఊరికే అడుగుతున్నాను. కోసినవాళ్ళ నడకే పిల్లాడికి వస్తుందంటారు కదా, చురుకైన మనిషిని చూసుకో.

ఇదిగో ఒకావిడ పెళ్ళి మిఠాయిలు బేరమాడుతోంది, ఉంటాను.

అక్క జియాదా


బాకూ, 21 మార్చి

అక్కా,

నౌరిజ్ పండగ శుభాకాంక్షలు. ఇక్కడ మా వియ్యపురాలు సోల్మాజ్ గారు మొలకెత్తిన గోధుమ పళ్ళేనికి ఎర్ర రిబ్బను కట్టి బల్ల మీద పెట్టింది. ఎల్దార్ ఆ రిబ్బను పట్టుకుని పళ్ళెం మొత్తం నెత్తిన పోసుకున్నాడు. పండగ అయిపోయింది.

చీలమండ కొలత దారం ఇందులో పెట్టలేను కాబట్టి అంకె రాస్తున్నాను: పదమూడు సెంటీమీటర్లు, బూరెలాంటి కాలు.

రోజు ఖాయం చేశాం. ఏప్రిల్ 27, శనివారం. సూర్యుడు అస్తమించేలోగా అవ్వాలి. ఒక్కటి మాత్రం విను. విమానం వద్దు. నీ నీవా కారుని ఓడెక్కించుకుని, నువ్వే నడుపుకుంటూ మా గుమ్మం దాకా రా. నాకు మన వైపు ఉన్ని తివాచీ ఒకటి కావాలి, చల్లడానికి ఒక బస్తా మిఠాయి, ఒంటె పాలతో చేసి ఎండబెట్టిన కుర్త్ ఉండలు, అమ్మ పెద్ద పళ్ళెం. ఇవన్నీ విమానంలో వస్తాయా చెప్పు. ఒక పదునైన కత్తెర కూడా తీసుకురా.

కోసే మనిషి ఎప్పుడో ఖాయమైంది. గట్టి నడక మనిషి. ఎవరని మాత్రం అడక్కు, వచ్చాక తెలుస్తుంది.

చలిగా ఉంటుందిట సముద్రం మీద. దుప్పటి మర్చిపోకు.

నీ బాల్జాన్


ఆక్తావ్, 29 మార్చి

చెల్లీ,

చదివాను. రెండుసార్లు చదివాను. తివాచీ, బస్తా, కుర్త్, పళ్ళెం, కత్తెర. రఖియాకి చదివి వినిపిస్తే, "మీ చెల్లెలికి అక్క కావాలా, లారీ కావాలా" అంది. అది అలాగే వాగుతుంది, పట్టించుకోకు. నేనూ పట్టించుకోలేదు.

మోస్తాను. సరుకు మోయడం నాకు కొత్తా.

ఓడ ఆఫీసుకి వెళ్ళాను. ఎప్పుడు బయల్దేరుతుందండీ అని అడిగితే, అక్కడి అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఓడకి టైము లేదు. వచ్చినప్పుడు వస్తుంది, నిండినప్పుడు కదులుతుంది, గాలి లేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. మనం జాబితాలో పేరు రాయించుకుంటే ఫోను చేస్తారు. ఫోను రాగానే కురిక్ రేవులో ఉండాలి. డెబ్భై కిలోమీటర్లు. నా పేరు రాయించాను. "కారు నడిపేదెవరు?" అంది. నేనే అన్నాను. కౌంటరు మీంచి ముందుకి వంగి నా కాలు చూసింది. అందరూ చూస్తారు, అలవాటే.

మీ బావ పోయేముందు క్లచ్చికి బిగించిన చెక్కమొద్దు కొద్దిగా వదులైతే మేకు కొట్టించాను. అది లేకపోతే నా ఎడంకాలు అందదు, ఉంటే ఇంకెవరి కాలూ ఇమడదు. దొంగలక్కూడా పనికిరాని కారు నాది.

తెమూరి అని జార్జియా లారీ డ్రైవరు, నెలకోసారి నా దగ్గర కుర్త్ కొంటాడు. అతన్ని కూర్చోబెట్టి టీ పోసి అన్నీ అడిగాను. "పిన్నిగారూ, అన్నిటికన్నా ముందు పైకి వేరే సంచి సర్దుకోండి" అన్నాడు. ఓడ కదిలాక కింద కార్ల దగ్గరికి ఎవర్నీ పోనివ్వరట. మందులు కార్లో మర్చిపోయి ఒక రాత్రంతా తలుపు దగ్గర ఏడ్చినవాళ్ళున్నారట. కాబట్టి దుప్పటి, మందులు, కాగితాలు, టీ ఫ్లాస్కు, తిండి పై సంచీలో. తివాచీ, బస్తా కింద. కడుపులో తిప్పితే కుర్త్ ఉండ బుగ్గన పెట్టుకోవాలట. అది నేను అతనికి చెప్పాల్సిన మాట, నాకే చెప్పాడు.

తాడు సగం పేనాను. గట్టి నడక మనిషి అన్నావుగా, గట్టిగానే పేనుతున్నాను.

జియాదా


బాకూ, 6 ఏప్రిల్

అక్కా,

చెక్కమొద్దు సంగతి చదివి నవ్వుకున్నాను, తర్వాత బావ గుర్తొచ్చి కాసేపు పని చేసుకోలేదు.

ఇక్కడ హడావిడి. కోడలు నర్మిన్ తెల్లగుడ్డ కుట్టించింది, పిల్లాడు దాని మీద నడవాలిగా. సోల్మాజ్ గారి కొడుకు వుగార్ తెలుసుగా, ఫుట్‌బాల్ నేర్పిస్తాడే, అతను రోజూ సాయంత్రం వచ్చి ఎల్దార్ని రెండు చేతులూ పట్టి నడిపిస్తున్నాడు. ఆ రోజు కోసం కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు. సోల్మాజ్ గారు కొడుకుని చూసి మురిసిపోతోంది, "చూడండి వదినా, వీడి అడుగు చూడండి" అని.

అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. డెబ్భై కిలోమీటర్లు అక్కడ, ఇంకో డెబ్భై ఇక్కడ, మధ్యలో సముద్రం. నీ వల్ల అవుతుందా? కాకపోతే ఇప్పుడే చెప్పెయ్. ఇక్కడ నేను నలుగురిలో మాటిచ్చేశాను. ఇరవై ఏడో తారీకు పొద్దుగుంకేలోగా నీ కారు మా గుమ్మంలో లేకపోతే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

కత్తెర మర్చిపోవద్దు. కొత్తది కాదు, నీ కొట్లో నువ్వు వాడేదే తీసుకురా.

బాల్జాన్


ఆక్తావ్, 11 ఏప్రిల్

బాల్జాన్,

తాడు పేనడం అయిపోయింది. తివాచీ చుట్టి కట్టేశాను. మిఠాయి బస్తా కుట్టేశాను. పళ్ళెం, కుర్త్, కత్తెర ఒక పెట్టెలో. తెమూరి పదిహేడున బయల్దేరుతున్నాడు, అంతా అతని లారీలో వేసి పంపిస్తున్నాను. మీ గుమ్మంలో దింపుతాడు. నీ మాట పోదు, నీ సరుకు నీకు అందుతుంది. నేను రావడం లేదు.

ఎందుకని అడుగుతావు కాబట్టి చెప్తాను. ఎప్పుడూ చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళుగా తాళ్ళు పేనుతున్నాను. ఏడాదికి వందకి తక్కువ పేనలేదు. కొనడానికి వచ్చిన తల్లులందరూ నా కొట్టు ముందే నిలబడి మాట్లాడుకుంటారు, ఎవర్ని పిలుద్దాం, ఆవిడ బాగా నడుస్తుంది, ఈయన గుర్రమెక్కుతాడు అని. నేను తాడు కాగితంలో చుట్టిస్తూ వింటాను. ఒక్కరంటే ఒక్కరు నా వైపు చూడలేదు. చూడరు. పిల్లాడి కాళ్ళ విషయం, ఎవరు మాత్రం సాహసిస్తారు. నాకు కోపం లేదు. ఒంటె మీంచి పడింది నేను, వాళ్ళు కాదు.

నువ్వు పిలవకపోయినా నాకు కోపం రాదు, నిజంగా. కానీ నా తాడు, నా కత్తెర, నా కారు కావాలి, కోసేది వుగార్. ఆ కొత్త బూట్ల సంగతి నాకు రాయకపోతే ఏం పోయింది? పైగా నీ వల్ల అవుతుందా అని అడిగావు. ముప్ఫై ఏళ్ళ నుంచి కారు నడుపుతున్నాను నేను.

ఎల్దార్‌కి ముద్దులు. వాడి తప్పేం లేదు.

జియాదా


బాకూ, 12 ఏప్రిల్, పొద్దున్నే

అక్కా, అక్కా,

ఆ పెట్టె లారీ ఎక్కించావంటే నేను ఈదుకుంటూ వచ్చి నిన్ను తంతాను.

అమ్మ ఏం చెప్పేది? తాడు కోయడానికి పిలిచేటప్పుడు ఎదురుగా కూర్చుని, చేతిలో గుడ్డ పెట్టి పిలవాలి. ఉత్తరంలో కాదు, ఫోనులో కాదు, మనిషి చేత కబురంపి కాదు. ఆ మాట నీ కొట్టుకొచ్చే ప్రతి తల్లికీ చెప్పేది నువ్వే కదే. నువ్వు వచ్చి మా సోఫాలో కూర్చున్నాక పిలుద్దామని నోరు కుట్టుకుని కూర్చుంటే, నువ్వు నా మౌనాన్ని బూట్లతో ముడిపెట్టావు. సరే, అమ్మ మాట తప్పుతున్నాను. కోసేది నువ్వు. మొదటి రోజు నుంచీ నువ్వే.

ఇప్పుడు మిగతాది విను. ఫిబ్రవరిలోనే భోజనాల దగ్గర చెప్పాను, మా అక్క కోస్తుంది అని. సోల్మాజ్ గారు చెంచా కింద పెట్టింది. "వదినా, మీ అక్కగారంటే నాకు గౌరవమే. కానీ కోసినవాళ్ళ నడకే వస్తుందని మీరే చెప్పారు, నేను కాదు. మా వుగార్ ఉన్నాడు కదా" అంది. చెడ్డ మనిషి కాదక్కా, మనవడి కాళ్ళకి భయపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నోట్లోంచి వచ్చేసింది. "మా అక్క తన కారు తనే నడుపుకుంటూ, ఒంటరిగా, సముద్రం దాటి ఈ గుమ్మంలోకి వస్తుంది. వచ్చాక చెప్పండి ఎవరి నడక గట్టిదో" అన్నాను. బల్ల చుట్టూ అందరూ విన్నారు. ఆవిడ అంది, "పొద్దుగుంకేలోగా తన తాళంచెవితో వస్తే ఆవిడే కోస్తుంది. రాకపోతే మా వాడు." సరే అన్నాను. నిన్ను అడక్కుండానే అన్నాను. అందుకే విమానం వద్దన్నాను. తివాచీ లేదు, గాడిదగుడ్డూ లేదు, మా ఇంట్లో తివాచీలు మూడున్నాయి.

నీ తాడు కోసిందెవరో గుర్తుందా? పందేల సాదిక్. ఇంత చురుకైన మనిషి కోస్తే దీనికి కుంటి కాలొచ్చిందని ఊళ్ళో నవ్వేవాళ్ళు. అమ్మ మాత్రం ఒకటే అనేది. సాదిక్ గుర్రం ఎన్నోసార్లు ఓడింది కానీ, దారి మధ్యలో ఒక్కసారీ ఆగలేదు, చీకటి పడ్డాకైనా గీత దాటి వచ్చేవాడు, నీకొచ్చింది అది, అని. నా మనవడికి కావలసింది కూడా అదే.

వస్తావా రావా? ఒక్క ముక్క రాయి.

బాల్జాన్


ఆక్తావ్, 12 ఏప్రిల్

వస్తాను.

పెట్టె తెమూరి లారీలోంచి దింపేశాను. ఎందుకు పిన్నిగారూ అంటే, నేనే వస్తున్నానన్నాను. "అయితే ఓడలో కుర్త్ కరువుండదు" అన్నాడు.

నా కొట్లో చెప్పే పద్ధతి నాకే గుర్తు రాలేదు చూడు. ఎప్పుడూ నన్నెవరూ పిలవలేదుగా, పిలుపు ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది.

కళ్ళు తుడుచుకుంటే ఉన్ని నూగు అంటుకుంది. తర్వాత రాస్తాను.


కురిక్ రేవు దారి, 23 ఏప్రిల్

చెల్లీ,

ఇది కార్లో కూర్చుని ఫోను మీద కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకో.

మొదటి ఫోను పదహారున వచ్చింది. రఖియా పద్ధతి ప్రకారం కొత్త రొట్టె తెచ్చి గుమ్మంలో నిలబడింది. కొరికాను. కొరికిన రొట్టె దాచింది, తిరిగొచ్చి మిగతాది తినాలిగా. నలభై కిలోమీటర్లు వెళ్ళానో లేదో, గాలి లేచింది, రేవు మూశారు, వెనక్కెళ్ళండి అని ఫోను. వెళ్ళాను. ఇంటికొచ్చాను కాబట్టి ఆ రొట్టె తినేశాను. పంతొమ్మిదిన మళ్ళీ ఫోను. మళ్ళీ రొట్టె, మళ్ళీ కొరుకు. ఈసారి రేవు దాకా వెళ్ళాను. ఓడ వచ్చింది, కానీ రైలుపెట్టెలే ఎక్కిస్తారట. మళ్ళీ ఇల్లు, మళ్ళీ రొట్టె తినడం. రఖియా, "నువ్వు ప్రయాణం చేస్తున్నావా, రొట్టెలకోసం నాటకమాడుతున్నావా" అని అడిగింది. నిన్న మూడోసారి కొరికి, దానికి ఒట్టేసి చెప్పాను, ఇక ఓడ ఎక్కేదాకా వెనక్కి రానని. కొట్టుకి మేకు కొట్టి, ఆ రొట్టెని సంచీలో వేలాడదీసింది. ఎవరైనా బేరమాడితే అమ్మనంటోంది.

ఇప్పుడు లారీల వరసలో ఉన్నాను. ముందు నలభై, వెనక లెక్కపెట్టలేదు. తెమూరి కూడా ఇక్కడే, పదిహేడున బయల్దేరాల్సినవాడు గాలి వల్ల చిక్కుకుపోయాడు. పొద్దున్న పొయ్యి వెలిగించి బౌర్సాకులు వేయించాను, ఒక్క గంటలో పిండి అయిపోయింది. డ్రైవర్లందరూ నన్ను పిన్నీ అనే పిలుస్తున్నారు. సరుకు కోసం వచ్చి సంగతడుగుతారు, చెప్తాను. ఇప్పుడు ఈ వరసలో ప్రతివాడికీ ఎల్దార్ తెలుసు. ఒక టర్కీ ఆయన నిన్నటి నుంచి పూటపూటా వచ్చి, "ఇవాళ ఎన్నడుగులేశాడు" అని అడుగుతున్నాడు.

రఖియా ఫోను చేసింది, విమానం టికెట్టు దొరుకుతుంది, ఇరవై ఆరున ఎక్కితే సరిపోతుంది, కారు ఇక్కడే వదిలేయి, తాళంచెవి చూపించి వీధి చివర పెట్టానను, ఎవరికి తెలుస్తుంది అని. నాకు తెలుస్తుందే అన్నాను.

గాలి ఇంకా వీస్తూనే ఉంది. కారు ఊగుతోంది, చెక్కమొద్దు కిర్రుమంటోంది. పై సంచి ఒళ్ళోనే ఉంది. తాడు నడుముకి చుట్టుకున్నాను.

రేపటికి గాలి పడుకోవాలని నువ్వూ అనుకో.

జియాదా


ఓడ మీంచి, 25 ఏప్రిల్, సాయంత్రం

బాల్జానూ, ఎక్కేశాను. సిగ్నలు పోయేలోగా చెప్పాలి.

మధ్యాహ్నం గాలి తగ్గింది. నాలుగింటికి నా వంతు. ఓడ నోరు తెరిచి ఇనప వంతెన దింపింది. బళ్ళన్నీ వెనక్కి నడిపిస్తూ ఎక్కించాలట, అవతల దిగేటప్పుడు సూటిగా రావడానికి. ఒక ఓడ మనిషి వచ్చి చెయ్యి చాపాడు, "తాళంచెవి ఇవ్వండి అమ్మా, ఆడవాళ్ళ కార్లు మేమే ఎక్కిస్తాం." ఇచ్చాను. కూర్చున్నాడు. మొద్దు మీద కాలు పెడితే మోకాలు స్టీరింగుకి తగిలింది. మొద్దు కింద పెడితే పెడలు దొరకలేదు. కారు ఒకసారి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ ఎగిరింది. దిగి, "ఇదేం కారండీ" అన్నాడు. నా కారు అన్నాను.

ఎక్కాను. వెనక వంతెన, అటూ ఇటూ చెయ్యెడు ఖాళీ, కింద నీళ్ళు. లారీ వాళ్ళందరూ దిగి నిలబడ్డారు. మెడ తిప్పి అద్దంలో చూసుకుంటూ, బజారు సందులో సరుకు బండ్ల మధ్య రోజూ ఎలా పెడతానో అలాగే పెట్టాను. ఒక్కసారికే. గోడకి తగల్లేదు, మళ్ళీ ముందుకి రాలేదు. చక్రాలకి గొలుసులు వేస్తూ ఓడ మనిషి, "బయట ఇంకో మూడు కార్లున్నాయి, అవీ పెడతారా" అన్నాడు. తెమూరి నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు, తర్వాత అందరూ హారన్లు కొట్టారు. రేవంతా మోగింది. నేను సిగ్గుపడి పై సంచి తీసుకుని మెట్లెక్కేశాను.

కదిలాం. ఒడ్డు వెనక్కి పోతోంది. ఒక


బాకూ, 27 ఏప్రిల్, సాయంత్రం ఐదు

అక్కా,

సముద్రం మీద ఇది నీకు చేరదని తెలుసు. చేతులు ఊరుకోవట్లేదు, రాస్తున్నాను.

నా కొడుకు రేవుకి నాలుగుసార్లు ఫోను చేశాడు. మీ ఓడ నిన్న సాయంత్రమే ఇక్కడి అలాత్ రేవు ఎదుటికి వచ్చిందిట, చోటు లేక రాత్రంతా లంగరు వేసుకుని ఉందిట. ఈ మధ్యాహ్నం ఒడ్డుకి చేరింది. ఇప్పుడు కాగితాల దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయట. నీ ఫోను మోగట్లేదు.

వచ్చినవాళ్ళు తిన్నారు, మళ్ళీ తిన్నారు. తెల్లగుడ్డ పరిచేశాం. ఎల్దార్ దాని మీద పడుకుని అంచు నములుతున్నాడు. సోల్మాజ్ గారు గడియారం చూడటం లేదు, కిటికీలోంచి సూర్యుణ్ణి చూస్తోంది. ఇందాక అంది, "వదినా, మాట మాటే, ఇంకా టైముంది. కానీ సిద్ధంగా ఉంటే మంచిది కదా. తాడు తెప్పించండి." తాడు అక్క దగ్గరుంది అన్నాను. "అయితే వుగార్ కొత్త బూట్ల తాడు ఉంది, నల్లది, ఒక తెల్లదాంతో కలిపి పేనితే" అంది. అక్కా, బూటు తాడు. నా మనవడి కాళ్ళకి. నేను లేచి నిలబడ్డాను, ఏం అనేదాన్నో నాకే తెలీదు. వుగారే అడ్డొచ్చాడు. "అమ్మా, నా బూట్లు ఊడిపోతే నేనెలా నడవను, నా నడకే కదా నీక్కావలసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఒక పావుగంట గడిచింది.

ఆరు. ఎండ ఎదురింటి మూడో అంతస్తు మీదుంది.

ఆరూ ఇరవై. రెండో అంతస్తు.

ఎవరో వీధిలో హారన్ ఆపకుండా కొడుతున్నారు. ఒకటి కాదు, చాలా. ఆ వెనక పెద్ద లారీ, ముందు


బాకూ, 1 మే

అక్కా,

నువ్వు మళ్ళీ ఓడెక్కి మూడు గంటలైంది. నువ్వు చూడనివి రాస్తాను, దిగాక చదువుకో.

నీ నీవా వెనకాల తెమూరి లారీ, ఆ టర్కీ ఆయన లారీ మా వీధిలోకి దూరి అడ్డంగా ఇరుక్కుపోవడం నువ్వు చూశావు. నువ్వు చూడంది, సోల్మాజ్ గారు కిటికీ దగ్గర నిలబడి ఉండటం. నువ్వు కారు దిగి, కాలు ఈడ్చుకుంటూ, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేత్తో నడుముకున్న తాడు విప్పుకుంటూ మెట్ల వైపు వస్తుంటే, ఆవిడ పరదా పూర్తిగా పక్కకి లాగింది. తర్వాత కొడుకుతో, "లిఫ్టు పనిచెయ్యట్లేదు, కిందికెళ్ళి చెయ్యి పట్టుకురా" అంది. వుగార్ వెళ్ళి తిరిగొచ్చి, "వద్దందమ్మా. నన్ను తప్పుకోమని, తనంతట తనే ఎక్కుతోంది" అన్నాడు.

నేను సోఫాలో నిన్ను కూర్చోబెట్టి, చేతిలో గుడ్డ పెట్టి, అక్కా నా మనవడి తాడు కొయ్యి అన్నప్పుడు, నువ్వు నన్నే చూస్తున్నావు. నేను పక్కకి చూశాను. నర్మిన్ ఏడుస్తోంది. సోల్మాజ్ గారు ముక్కు చీదుకుని, జలుబు అంది.

నువ్వు ఒక్క కోతలో తాడు కోసి వాడి రెండు చేతులూ పట్టుకున్నావు చూడు, ఆ మొదటి మూడడుగులు వాడు అటూ ఇటూ ఊగాడు. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, "చూశారా వదినా, చూశారా, అదే నడక" అని. వుగార్ విసుక్కున్నాడు, "అమ్మా, ప్రతి పిల్లాడూ అలాగే ఊగుతాడు, నేనూ ఊగే ఉంటాను." అప్పుడే వాడు పడ్డాడు. నువ్వు ఎత్తలేదు. వంగి చెయ్యి కూడా ఇవ్వలేదు. నిలబడి చూస్తూ ఉన్నావు. వాడు చేతులు ఆనించి, పిర్రలు పైకి లేపి, లేచి, గుడ్డ చివరి దాకా వెళ్ళి గోడని కొట్టి నవ్వాడు. ఆవిడ నా మోచెయ్యి వదిలేసి, బస్తాలో రెండు చేతులూ పెట్టి, అందరికన్నా ముందు మిఠాయి చల్లింది. ఒకటి నీ నుదుటికి తగిలింది, అది ఆవిడదే.

ఇక అసలు సంగతి. నిన్ను సాగనంపి వస్తుంటే కార్లో అడిగింది. వుగార్ భార్యకి సెప్టెంబరులో నెలలు నిండుతాయి కదా. ఆ పిల్లో పిల్లాడో వచ్చే ఏడాది నడుస్తారు. "మీ అక్కగారు మళ్ళీ ఎప్పుడొస్తారు? మా ఇంట్లో కూడా ఆవిడే కోస్తే బాగుంటుంది. మీరు ఒక ఉత్తరం రాసి అడుగుతారా" అంది.

రాస్తానన్నాను, అంతే. నీ మాట నువ్వే చెప్పు.

ఎల్దార్ పొద్దుట్నుంచి గుమ్మం దాకా నడిచి, తలుపు కొడుతున్నాడు.

బాల్జాన్


ఆక్తావ్, 4 మే

చెల్లెమ్మా,

దిగాను, ఇంటికొచ్చాను, కొట్టు తెరిచాను. వచ్చేటప్పుడు ఓడ మనిషి నన్ను చూడగానే తాళంచెవి అడగలేదు, పక్కకి తప్పుకుని చెయ్యి ఊపాడు.

రొట్టె మేకుకి అలాగే వేలాడుతోంది. రాయి అయిపోయింది. రఖియా సుత్తి తెచ్చింది. వద్దని, టీలో నానబెట్టుకుని, ముక్క మిగలకుండా తిన్నాను. నా పళ్ళ గుర్తు అలాగే ఉంది అందులో. కొట్టు ముందు నలుగురు నిలబడి చూశారు. రఖియా వాళ్ళకి సముద్రం, తుఫాను, లారీల హారన్లు, అన్నీ తనే వెళ్ళొచ్చినట్టు చెప్పింది. తుఫాను లేదే అంటే, నువ్వూరుకో నీకు తెలీదు అంది.

ఇప్పుడు మీ వియ్యపురాలికి జవాబు. ఉత్తరంలో అడిగితే కుదరదని చెప్పు. తాడు కోయడానికి ఎదురుగా కూర్చుని, చేతిలో గుడ్డ పెట్టి పిలవాలి. మా సోఫా పాతదే కానీ ఇద్దరు పడతారు. విమానంలో కాదు, వుగార్ కారేసుకుని ఓడ మీద రమ్మను. ఆవిడకి కొత్త కాబట్టి ఏం సర్దుకోవాలో రాస్తున్నాను, చదివి వినిపించు.

పైకి వేరే సంచి. అందులో దుప్పటి, మందులు, కాగితాలు, టీ. కుర్త్ తెచ్చుకోనక్కర్లేదు, వరసలో డ్రైవర్లని అడిగితే ఇస్తారు, జియాదా పిన్ని చుట్టాలమని చెప్పమను. ఇంట్లోంచి కదిలేముందు ఒక రొట్టె కొరకమను. ఓడ ఎప్పుడొస్తుందని ఎవర్నీ అడగొద్దను, అడిగితే నవ్వుతారు. పిండి మాత్రం ఎక్కువ తెచ్చుకోమను, ఒక గంటలో అయిపోతుంది.

ఆ పాపకో బాబుకో తాడు ఇవాళే మొదలుపెట్టాను. నల్ల ఉన్ని అయిపోతే రఖియా తన శాలువా అంచు విప్పి ఇచ్చింది.

నీ అక్క, తాళ్ళు పేనేదీ, కోసేదీ,
జియాదా